ఆర్డరు కాపీ ఏదీ?
(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, పంటల బీమా, కౌలు కార్డులు, స్మార్ట్ మీటర్లు, ఈ తరగతుల్లో మనం ఎప్పుడూ మాట్లాడుకునే విషయాలు ఇవి. ఈసారి కార్యక్రమంలో మీడియా స్వేచ్ఛ, భావప్రకటన చట్టాలు అని రాసి ఉండటం చూసి, "అది విలేకరుల గొడవ కదా, మనకెందుకు?" అని కొంతమంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మన జేబులోనే ఉంది. వడగళ్లకు రాలిన మామిడి, మునిగిన వరి, కొనుగోలు కేంద్రంలో తడిసిన ధాన్యం, మొలకెత్తని విత్తనం, వీటిని ఈ రోజు మొదట లోకానికి చూపించేది పత్రికా విలేకరి కాదు, పొలం గట్టు మీద నిలబడి ఫోన్ తీసిన రైతు. పాత రోజుల్లో పత్రిక నడిపేవాళ్లకు వర్తించిన చట్టాలు ఇప్పుడు ఆ ఫోన్ పట్టుకున్న చేతికి వర్తిస్తున్నాయి. పత్రికకు లాయరు ఉంటాడు, యాజమాన్యం ఉంటుంది. మన చేతికి ఏముంది? అదే ఈ రోజు విషయం.

ఢిల్లీ సరిహద్దుల నుంచే మొదలుపెడదాం. 2020 నవంబరు 26న మొదలైన ఆ పోరాటం గురించి మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. చలి, వాన, లాఠీలు, ముళ్లకంచెలు, రోడ్డుకు కొట్టిన మేకులు అందరికీ గుర్తున్నాయి. మాటను ఆపడానికి ఏం చేశారో మాత్రం పెద్దగా గుర్తుపెట్టుకోలేదు. డిసెంబరు 20న కిసాన్ ఏక్తా మోర్చా ఫేస్‌బుక్ పేజీ మాయమైంది. గంటల్లోనే తిరిగి వచ్చింది. తమ ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని స్పామ్ అనుకుందని కంపెనీ చెప్పింది. లక్షల మంది రైతుల ఉద్యమ వేదికను ఒక యంత్రం చెత్తబుట్టలో వేసింది, అడిగితే తీసి ఇచ్చింది. 2021 జనవరి 26 ట్రాక్టర్ పరేడ్ రోజున సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత హర్యానాలో 17 జిల్లాల్లో మొబైల్ ఇంటర్నెట్ కట్ చేశారు. ఫిబ్రవరి 1న కేంద్ర ప్రభుత్వం అడిగిందని ట్విట్టర్ సుమారు 250 ఖాతాలను దేశంలో కనపడకుండా చేసింది. అందులో కిసాన్ ఏక్తా మోర్చా ఉంది, కారవాన్ పత్రిక ఉంది. ఆ సాయంత్రానికి కంపెనీ వాటిని తెరిస్తే, ప్రభుత్వం నోటీసు పంపి, తర్వాత 1,178 ఖాతాలతో ఇంకో జాబితా ఇచ్చింది.

అప్పుడు రైతులు ఏం చేశారో చూడండి. అంతకు ముందే, డిసెంబరు 18న, "ట్రాలీ టైమ్స్" అని నాలుగు పేజీల పత్రిక మొదలుపెట్టారు, పంజాబీలో, హిందీలో. టీవీ చానళ్లు ఖలిస్తానీలని, దళారులని పేర్లు పెడుతున్న రోజుల్లో, ఫోను లేని పెద్దవాళ్లు ట్రాలీలో కూర్చుని చదువుకోవడానికి కాగితం అచ్చేశారు. జనవరి 30న సింఘూ దగ్గర మన్‌దీప్ పునియా అనే స్వతంత్ర విలేకరిని అరెస్టు చేసి తీహార్ జైలుకు పంపారు. అక్కడ తనతో పాటు ఉన్న రైతులను అడిగి తెలుసుకున్న వివరాలను ఆయన తన కాళ్ల మీద పెన్నుతో రాసుకున్నాడు. బెయిల్ మీద బయటకు వచ్చాక దాన్నే వార్తగా రాశాడు. ఇది ధైర్యం కథగా మాత్రమే వింటే సరిపోదు. ఒక విలేకరి తన ఒంటి మీద రాసుకోవాల్సి వచ్చిందంటే మిగతా దారులన్నీ ఎలా మూసుకుపోయాయో ఆలోచించండి.

అదే ఫిబ్రవరిలో టూల్‌కిట్ కేసు వచ్చింది. రైతు ఉద్యమానికి మద్దతుగా ఏయే కార్యక్రమాలు చేయవచ్చో రాసుకున్న ఒక కాగితం అది. మన మండల కమిటీ ధర్నాకు ముందు రాసుకునే కాగితానికి, దానికి పెద్ద తేడా లేదు. దాన్ని సరిదిద్దినందుకు బెంగళూరులో 22 ఏళ్ల దిశా రవిని రాజద్రోహం కింద అరెస్టు చేసి ఢిల్లీ తీసుకుపోయారు. పది రోజుల తర్వాత సెషన్స్ జడ్జి బెయిల్ ఇస్తూ, ప్రభుత్వాల అహం దెబ్బతిన్నదని రాజద్రోహం కేసు పెట్టడం కుదరదని, వాట్సాప్ గ్రూపు పెట్టడం నేరం కాదని స్పష్టంగా రాశారు. ఆ రాజద్రోహం సెక్షన్, 124ఎ, కింద కేసులను 2022 మేలో సుప్రీంకోర్టు నిలిపేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అనే మాట లేదు గానీ 152 సెక్షన్ ఉంది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం తెచ్చే మాట, రాత, ఎలక్ట్రానిక్ సందేశం అన్నీ అందులోకి వస్తాయి. శిక్ష యావజ్జీవం దాకా. సీసా మారింది, సారా మారలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ పౌరులందరికీ మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. పత్రికా స్వేచ్ఛ అని అందులో విడిగా ఒక మాట లేదు. విలేకరికి ఉన్న హక్కు, కౌలు రైతుకు ఉన్న హక్కు ఒకటే. 19(2) దానికి హద్దులు చెప్పింది: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపించడం లాంటివి. ముఖ్యమంత్రికి కోపం రావడం, కలెక్టరుకు ఇబ్బందిగా ఉండటం ఆ జాబితాలో లేవు.

2008 సవరణతో ఐటీ చట్టంలోకి 66ఎ అని ఒక సెక్షన్ వచ్చింది. ఎవరికైనా చికాకు కలిగించే సందేశం పంపితే మూడేళ్ల దాకా జైలు. 2012లో ముంబయి దగ్గర పాల్ఘర్‌లో బంద్ మీద ఒక మాట రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. గొప్ప తీర్పు. కానీ కొట్టేసిన సెక్షన్ కింద పోలీసు స్టేషన్లలో కేసులు ఆగలేదు! 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ, ఇక ఎవరి మీదా 66ఎ కింద కేసు నడపరాదని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. తీర్పు ఢిల్లీ నుంచి ఠాణాకు చేరడానికి ఏడేళ్లు పట్టిందన్న మాట. మనకు ఇది కొత్త కాదు, ప్రకటించిన ధర కొనుగోలు కేంద్రం దాకా చేరడం మనం ఏటా చూస్తూనే ఉన్నాం.

అదే తీర్పులో కోర్టు ఇంకో సెక్షన్‌ను నిలబెట్టింది. అది 69ఎ. అసలు కీలకం ఇక్కడుంది, కాస్త ఓపికగా వినండి. 69ఎ కింద కేంద్ర ప్రభుత్వం ఏ పోస్టునైనా, ఖాతానైనా, వెబ్‌సైటునైనా దేశంలో కనపడకుండా ఆపమని ఆదేశించవచ్చు. వినని కంపెనీ అధికారులకు ఏడేళ్ల దాకా జైలు. మరి కోర్టు దీన్ని ఎందుకు నిలబెట్టింది? కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, కమిటీ పరిశీలించాలి, రాసిన మనిషి దొరికితే అతని వాదన వినాలి, ఆ కారణాలను కోర్టులో సవాలు చేయవచ్చు, ఇన్ని రక్షణలు ఉన్నాయి కదా అని నిలబెట్టింది. కానీ 2009 నిబంధనల్లో 16వది ఒకటుంది: ఫిర్యాదు, ఆదేశం అన్నీ గోప్యంగా ఉంచాలి. అంటే సవాలు చేసే హక్కు ఉంది, సవాలు చేయాల్సిన కాగితం మాత్రం చేతికి రాదు. చేను నీదే, బాట మాత్రం లేదు అన్నట్టు.

మన అనుభవంతో పోల్చి చూడండి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వానికి మన భూమి కావాలంటే 11వ సెక్షన్ నోటిఫికేషన్ ఇవ్వాలి. గెజిట్‌లో వేయాలి, స్థానిక భాషా పత్రికలో వేయాలి, పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. 15వ సెక్షన్ కింద 60 రోజుల్లోపు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు, కలెక్టరు వినాలి. ఆ చట్టాన్ని ప్రభుత్వాలు ఎలా నీరుగార్చాయో మనకు తెలుసు. అయినా నోటీసు అనే కాగితం ఉంది కాబట్టే ఎన్నో ఊళ్లు కోర్టుకు పోయి నిలబడగలిగాయి. అర ఎకరం తీసుకోవడానికి ఇంత తతంగం కావాలి. ఒక సంఘం పేజీని, ఏళ్ల తరబడి కూడబెట్టిన ఫోటోలూ వీడియోలూ లక్షల మంది చందాదారులతో సహా మాయం చేయడానికి ఆ పేజీవాళ్లకు నోటీసు అక్కర్లేదా?

1878లో వైస్రాయ్ లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికలకు వర్తించదు, దేశభాషల్లో వచ్చేవాటికే. మేజిస్ట్రేటు నిర్ణయం మీద కోర్టుకు అప్పీలు లేదు. రిప్పన్ కాలంలో అది రద్దయింది గానీ, "అప్పీలుకు వీల్లేకుండా చేయి" అన్న సూత్రం మాత్రం చావలేదు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 ఉండేది, సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి. పద్ధతులు పాతవే, వేగం కొత్తది.

2024 ఫిబ్రవరిలో పంజాబ్ రైతులు "ఢిల్లీ చలో" అన్నప్పుడు అదే కథ మళ్లీ నడిచింది. హర్యానాలో అంబాలా, కురుక్షేత్ర, కైథల్, జింద్, హిసార్, ఫతేహాబాద్, సిర్సా, ఏడు జిల్లాల్లో ఇంటర్నెట్ ఆపారు. రైతు నాయకుల ఖాతాలు ఆగిపోయాయి. ట్విట్టర్ అప్పటికి ఎక్స్ అయింది. ఆ కంపెనీ ఫిబ్రవరి 22న ఒక ప్రకటన చేసింది: ప్రభుత్వం ఆదేశించింది కాబట్టి ఆపాం, మేం ఏకీభవించడం లేదు, ఆ ఆదేశాలను బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. మన నోరు మూయించిన కాగితం ఎక్కడో అమెరికా కంపెనీ బీరువాలో ఉంది, మనకు మాత్రం చూపించరు. ఆ కంపెనీ మన పక్షమని పొరపాటు పడకండి. తన వ్యాపారం కోసం కొట్లాడుతుంది, తన వ్యాపారం కోసం రాజీపడుతుంది. 2023 జూన్ 30న కర్ణాటక హైకోర్టు అదే కంపెనీ పిటిషన్‌ను కొట్టేసి 50 లక్షల రూపాయలు ఖర్చుల కింద వేసింది. అక్కడ వాదించింది కంపెనీ, ఆగిపోయింది జనం మాట. ఆ జనం ఆ కోర్టు హాల్లో లేరు.

69ఎ కన్నా సులువైన దారి ఇప్పుడు ఇంకొకటి దొరికింది. 79(3)(బి) సెక్షన్ కింద "సహయోగ్" అనే పోర్టల్ పెట్టారు. దాని ద్వారా కేంద్ర శాఖలే కాదు, రాష్ట్రాల పోలీసులు కూడా కంపెనీలకు నోటీసులు పంపుతున్నారు. 69ఎలో ఉన్న ఆ కాస్త కమిటీ, ఆ కాస్త విచారణ కూడా ఇందులో లేవు. దీన్ని ఎక్స్ సవాలు చేస్తే 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు తోసిపుచ్చింది. మన రాష్ట్ర పోలీసుల దగ్గర నుంచే మన వీడియో తీసేయించే దారి పడిందని అర్థం చేసుకుంటే చాలు.

ఇంటర్నెట్ ఆపడం గురించి ఒక మాట. ఇది ఢిల్లీ సంగతి అనుకోవద్దు. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. రబీ ధాన్యం కొనుగోళ్లు, చెల్లింపులు ఆన్‌లైన్ మీద నడిచే కాలం అది. ఇళ్లు తగలబెట్టడం నేరమే, చేసినవాళ్లను పట్టుకోవాల్సిందే. అయితే పాలవాడి దగ్గర నుంచి బ్యాంకు ఖాతా దాకా జిల్లా మొత్తానికి శిక్ష ఎందుకు? కాశ్మీర్ ఇంటర్నెట్ నిలిపివేత మీద 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటం, వ్యాపారం చేయడం రాజ్యాంగ రక్షణ ఉన్న హక్కులు, నిరవధికంగా ఆపకూడదు, ఆపిన ఉత్తర్వును ప్రచురించాలి. నిబంధనల ప్రకారం ఈ ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్ర హోం కార్యదర్శి లేదా కేంద్ర హోం కార్యదర్శి. తప్పనిసరి పరిస్థితిలో వాళ్లు అధికారం ఇచ్చిన సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి. ఎస్పీ గారికి, కలెక్టరు గారికి సొంతంగా ఆ అధికారం లేదు. ఒక ఉత్తర్వుతో 15 రోజులకు మించి ఆపడానికి లేదు. మన మండలంలో నెట్ ఆగిన రోజున మొదట అడగాల్సింది ఆ ఉత్తర్వు ఏదని.

2021 అక్టోబరు 3న లఖింపూర్ ఖేరీలో జరిగింది గుర్తు చేసుకోండి. రైతుల మీదకు వాహనాలు దూసుకుపోయాయి. నలుగురు రైతులు, రమణ్ కశ్యప్ అనే స్థానిక విలేకరి, ఇంకా ముగ్గురు, మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. మొదట రకరకాల కథలు ప్రచారంలోకి వచ్చాయి. నడుచుకుంటూ పోతున్న రైతులను వెనక నుంచి జీపు తొక్కించిన వీడియో ఫోన్ల ద్వారా దేశమంతా తిరిగాకే ఆ కథలు ఆగాయి. ఆ రోజు కూడా అక్కడ ఇంటర్నెట్ ఆపారు. ఆ వీడియో బయటకు రాకపోయి ఉంటే కేసు ఏ తీరుగా నడిచేదో మీరే ఊహించుకోండి.

ఇదంతా కేంద్రం మీదకు నెట్టి మన రాష్ట్రాల పాలకులను వదిలేస్తే మనం నిజం చెప్పినట్టు కాదు. ఇక్కడ పార్టీ తేడా లేదు. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో ఆగిపోయాయి. 2019లో ఆంధ్రలో ఏబీఎన్, టీవీ5 ఆగిపోయాయి. 2024లో ప్రభుత్వం మారగానే ఆంధ్రలో సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ వంతు వచ్చింది. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఈ మూడు సందర్భాల్లోనూ ఏ ప్రభుత్వమూ రాతపూర్వకంగా ఆపమని ఉత్తర్వు ఇవ్వలేదు. కేబుల్ ఆపరేటర్లే ఆపుకున్నారట! నోటిమాటతో జరిగే పనికి కాగితం ఉండదు, కాగితం లేనిదానికి బాధ్యుడు ఉండడు. ఈ చానళ్ల రాజకీయాలు మనకు తెలుసు, వాటిలో చాలావాటికి రైతు గుర్తొచ్చేది ఆత్మహత్య జరిగిన రోజున మాత్రమే అనీ తెలుసు. అయినా ఏది చూడాలో, ఏది చూడకూడదో రిమోట్ పట్టుకున్నవాడు తేల్చుకోవాలి.

2019 అక్టోబరు 30న ఆంధ్రలో జీవో 2430 తెచ్చి, ప్రభుత్వం మీద వచ్చే వార్తలపై కేసులు పెట్టే అధికారం ఆయా శాఖల కార్యదర్శులకే ఇచ్చారు. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన గుంటూరులోని ఒక పెద్దావిడకు సిఐడి నోటీసు ఇచ్చింది. 2025 మార్చిలో హైదరాబాదులో, తన కష్టం చెప్పుకుంటూ ముఖ్యమంత్రిని తిట్టిన ఒక పెద్దాయన వీడియో ప్రసారం చేశారని యూట్యూబ్ చానల్ నడిపే ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేసి, వ్యవస్థీకృత నేరం సెక్షన్ కూడా పెట్టారు. ఆ పెద్దాయన వాడిన భాషను మనం సమర్థించం. కానీ పెట్టుబడి సాయం రాక కడుపు మండినవాడు సంస్కృతంలో మాట్లాడడు. ఆ మంటను కెమెరాలో చూపించినవాళ్లు దొంగల ముఠా అయితే, మన సంఘం నడిపే ప్రతి ఫేస్‌బుక్ లైవ్ నేరమే అవుతుంది.

న్యూస్‌క్లిక్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మన పేరుంది. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో పదుల మంది జర్నలిస్టుల ఇళ్ల మీద దాడులు చేసి ఫోన్లు, లాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. రైతు ఉద్యమం గురించి రాశారా అని అడిగారు. సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ మీద పెట్టిన యుఎపిఎ ఎఫ్‌ఐఆర్‌లో, రైతు ఉద్యమాన్ని పొడిగించడానికి కుట్ర అన్న ఆరోపణ ఉంది. ఏడాదికి పైగా రోడ్ల మీద కూర్చున్న రైతులు ఎవరో వార్త రాస్తే కూర్చున్నారట! ఆ ఎఫ్‌ఐఆర్ ప్రతులను సంయుక్త కిసాన్ మోర్చా పిలుపు మీద ఊరూరా తగలబెట్టాం. 2024 మే 15న సుప్రీంకోర్టు ఆయన అరెస్టే చెల్లదని తేల్చింది. కారణం గమనించండి: ఎందుకు అరెస్టు చేస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వలేదు. మళ్లీ కాగితమే.

జహీరాబాదు దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులు సొంతంగా నడుపుకుంటున్న స్టేషన్. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, సామెతలు, వాళ్ల మాట వాళ్ల యాసలోనే వస్తుంది. దేశానికే ఆదర్శమని అందరూ మెచ్చుకుంటారు. అయితే ఆ రేడియోలో వాళ్లు సొంతంగా వార్తలు చెప్పకూడదని ఎంతమందికి తెలుసు? కమ్యూనిటీ రేడియో నిబంధనలు వార్తలు, వర్తమాన వ్యవహారాలను ఒప్పుకోవు. కొర్రలు ఎలా విత్తాలో చెప్పవచ్చు. మండల ఆఫీసులో విత్తన సబ్సిడీ ఎవరు మింగారో వార్తగా చెప్పడానికి లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆస్తి మనది, పాస్‌బుక్ ఇంకొకరిది.

చెప్పే హక్కుతో పాటు తెలుసుకునే హక్కు ఉంది. అక్కడ ఈమధ్య జరిగిన నష్టం మనకు సూటిగా తగులుతుంది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఆపవచ్చు గానీ, దానికి షరతులుండేవి. ప్రజా వ్యవహారంతో సంబంధం లేనిదై ఉండాలి, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదు అన్న మాట కూడా ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఆ షరతులన్నీ చెరిపేసింది. 2025 నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అయితే చాలు, లేదనవచ్చు. మన ఊరి పంట నష్టపరిహారం జాబితాలో భూమే లేని నాయకుడి బంధువు పేరు ఉందా లేదా? బీమా ఎవరి ఖాతాలో పడింది? కౌలు రైతు సాగు చేసిన పంట ఎవరి పేరున నమోదైంది? ఇవన్నీ పేర్లతో కూడిన సమాచారమే. పేర్లు లేకుండా అవినీతిని పట్టుకోవడం ఎలా? ఉపాధి హామీ మస్టరు రోల్ గ్రామసభలో పేరు పేరునా చదివి వినిపించడం వల్లే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ ఆడిట్‌కు అంత బలం వచ్చింది. 8(2) సెక్షన్ మాత్రం ఇంకా ఉంది. రక్షించాల్సిన ప్రయోజనం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇకమీదట మన దరఖాస్తుల్లో ఆ సెక్షన్ పేర్కొని, ప్రజాప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయాలి.

మరి అబద్ధాల సంగతి ఏమిటని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎప్పటిదో వరద వీడియోను నిన్నటిదని పంపేవాళ్లున్నారు. ఫలానా మందు కొడితే తెగులు రాత్రికి రాత్రే పోతుందని అమ్ముకునేవాళ్లున్నారు. రైతు ఉద్యమం మీద జరిగినంత అబద్ధపు ప్రచారం ఇంకే ఉద్యమం మీదా జరగలేదేమో. అబద్ధం వల్ల ఎక్కువ దెబ్బతినేది మనమే. కానీ అబద్ధం ఏదో తేల్చే కాటా ఎవరి చేతిలో ఉండాలి? 2023 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధనలు సవరించి, ప్రభుత్వ వ్యవహారాల మీద ఏది నకిలీ వార్తో తేల్చే నిజనిర్ధారణ విభాగాన్ని తానే పెట్టుకోవాలనుకుంది. ధాన్యం కొనేవాడే తూకం వేసి, తరుగు తీసి, రసీదు కూడా తానే రాసుకుంటానన్నట్టు. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఆ కాటా మన సంఘం దగ్గర కూడా ఉండక్కర్లేదు. ఫోటోకి ఊరు, తేదీ, సర్వే నంబరు, తీసిన మనిషి పేరు జతచేయడం మాత్రం మన చేతిలో పని. అలా పెట్టిన ఫోటోను నకిలీ అని కొట్టిపారేయడం తహసీల్దారుకైనా కష్టం.

ఇక కేసు వస్తే ఏం చేయాలో చెప్పుకుందాం. పోస్టు పెట్టినందుకు స్టేషన్‌కు రమ్మని ఫోను వస్తే పరుగెత్తవద్దు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదని 2014 అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. బిఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి. నోటీసు అందితే మాత్రం తప్పకుండా హాజరుకండి, సంఘం నుంచి ఒకరిని వెంట తీసుకుపోండి. మాటలు, రాతల మీద కేసులో ఎఫ్‌ఐఆర్‌కు ముందు 173(3) కింద ప్రాథమిక విచారణ చేయడం మంచిదని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాట ప్రభావాన్ని దృఢమైన మనిషి ప్రమాణంతో కొలవాలి గానీ, ప్రతి విమర్శకూ బెదిరిపోయేవాడి ప్రమాణంతో కాదని కూడా చెప్పింది. సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండు వేయవద్దని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో పోస్టుల మీద కేసులు పెట్టేముందు పోలీసులు పాటించాల్సిన మార్గదర్శకాలు ఇచ్చింది. అరెస్టు చేస్తే కారణాలు మనకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. అంటే తెలుగులో అడగండి. ఫోను తీసుకుంటే స్వాధీనం పంచనామా కాపీ అడగండి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని బిఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది. గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు తీర్పులిచ్చాయి. కాబట్టి అడ్మిన్‌గా ఉండటానికి భయపడి గ్రూపులు మూసేయకండి.

సంఘంగా మనం చేయాల్సినవి కొన్ని ఈ తరగతి ముందు పెడుతున్నాం. ప్రతి మండల కమిటీ తన ఫోటోలు, వీడియోలు, వినతిపత్రాల నకళ్లు ఒక హార్డ్ డిస్కులో వేరుగా దాచాలి. పేజీ పోయినా పని పోకూడదు. నెట్ ఆగినప్పుడు కబురు పంపడానికి ఊరికి ఇద్దరి చొప్పున మామూలు ఫోన్ నంబర్ల పట్టిక కాగితం మీద రాసి ఉండాలి. ఎక్కడ నెట్ ఆగినా, పోస్టు మాయమైనా, మౌఖికంగా ఎవరైనా తీసేయమన్నా తేదీ, సమయం, చెప్పిన అధికారి హోదా జిల్లా ఆఫీసు రిజిస్టరులో నమోదు చేయాలి. మరునాడే హోం శాఖకు, జిల్లా ఎస్పీకి ఉత్తర్వు కాపీ కోరుతూ దరఖాస్తు పోవాలి. దరఖాస్తు నమూనా తెలుగులో తయారుచేశాం, వెనక బల్ల మీద కట్టలు ఉన్నాయి, మండలానికి పది చొప్పున తీసుకోండి.

ఈ పత్రికను మాత్రం కాగితం మీద అచ్చేయడం ఆపవద్దని రాష్ట్ర కమిటీకి రాస్తున్నాం. చందాలు తగ్గాయి, పోస్టు ఖర్చు పెరిగింది, పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో వేస్తే పోలా అన్న ఆలోచన నడుస్తోంది. పీడీఎఫ్ కూడా వేద్దాం. కానీ రచ్చబండ మీద ఒకరు చదివితే పదిమంది వినే కాపీని ఏ పోర్టల్ నుంచీ తీసేయించలేరు. మండలానికి 25 కొత్త చందాలు అన్నది ప్రతిపాదన. దీని మీద అభ్యంతరాలు, ఇప్పటిదాకా చెప్పినదాని మీద ప్రశ్నలు ఇప్పుడే అడగండి. టీ తర్వాత స్మార్ట్ మీటర్ల మీద చర్చ మొదలవుతుంది.